బంకమట్టి వాయిదా వేసిన నీళ్లు

సముద్రం ఒడ్డున ఇసుకలో చెలమ తీస్తే తియ్యటి నీళ్లు. అక్కడికి దగ్గర్లోనే లోతుగా బోరు దింపితే ఒక్కోసారి నోట పెట్టలేనంత ఉప్పు! ఇంకోచోట ఇదే తిరగబడుతుంది... పైన ఉప్పు, అడుగున తీపి. తీరప్రాంతాల్లో నీటి రుచిని ఇలా అడుగడుక్కీ మార్చేసే గడుసుపిండం ఒకటుంది. అదేదో కాదు, మన కాళ్లకింది బంకమట్టి. డొంకూరు నుంచి నౌపడా దాకా ఉద్దానం తీరం వెంట వెళితే ఆ మట్టి కథ తెలుస్తుంది. అందులోనే మన మనవల మంచినీళ్ల కథ కూడా ఉంది.

ఇచ్ఛాపురంలో రైలు దిగి తూర్పుకి తిరిగితే కంటినిండా కొబ్బరి చెట్లే. చెవినపడే మాటల్లో సగం తెలుగు, సగం ఒడియా. ఆంధ్రప్రదేశ్ మ్యాపులో ఈశాన్యపు కొస ఇది. ఆ కొసన, సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది డొంకూరు. గంగపుత్రుల పల్లె. ముందు బంగాళాఖాతం, వెనక ఉప్పుటేరు, పల్లపు తడినేలలు. ఒడిశా కొండల్లో పుట్టిన బాహుదా నది ఇచ్ఛాపురం పక్కనుంచి వచ్చి, ఈ చుట్టుపక్కలే సరిహద్దు దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ఎటు చూసినా నీళ్లే. కానీ తాగడానికి పనికొచ్చేవి ఎన్ని? ఇక్కడే కాదు, తీరం వెంబడి ఏ పల్లెలోనైనా తరతరాలుగా అడుగుతున్న ప్రశ్న ఇదే. ఎక్కడ తవ్వాలి? ఎంత లోతు తవ్వాలి?

ఇసుక మీద తేలే తీపి

ఒడ్డునే ఉన్న ఇసుక దిబ్బల్లో తియ్యటి నీళ్లు ఎలా ఉంటాయన్నది ఎవరికైనా వచ్చే సందేహం. శ్రీకాకుళం జిల్లాలో ఏటా సగటున 1,100 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఆ వాన ఇసుకలోకి జల్లెడలోంచి జారినట్టు జారిపోతుంది. కింద సముద్రపు నీరు ఉంటుంది. మంచినీళ్లకన్నా ఉప్పునీళ్లు కాస్త బరువు. అందుకే వాన నీళ్లు వాటిలో అంత తేలిగ్గా కలిసిపోకుండా పైన తేలుతుంటాయి. అందులోనూ ఒక లెక్క ఉంది. సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీళ్లు నిలిస్తే, కింద దాదాపు 40 మీటర్ల లోతు వరకూ ఉప్పునీటిని అణిచి ఉంచగలవు. డచ్చి, జర్మనీ ఇంజినీర్లు ఇద్దరు వందేళ్లకు ముందే ఎవరి మటుకు వాళ్లుగా ఈ సూత్రాన్ని చెప్పారు.

వినడానికి బాగానే ఉంది. తిరగేసి చూస్తేనే గుండె ఝల్లుమంటుంది. మోటార్లు పెట్టి తోడి పైన ఒక మీటరు తగ్గిస్తే, కాలక్రమంలో కింద నుంచి 40 మీటర్ల మేర ఉప్పు పైకి లేవగలదన్నమాట! పూర్వీకులు దిబ్బల్లో నుయ్యిని మరీ లోతుగా తవ్వకుండా, ఊరిన నీటిని బిందెలతో పైపైన ముంచుకోవడంలో ఎంత తెలివి ఉందో ఇప్పుడు అర్థమవుతుంది.

అయితే భూమి అంతా ఇసుకే అయితే కథ ఇక్కడితో అయిపోయేది. దిబ్బలు దాటి వెనక ఉన్న ఉప్పుటేరు వైపు నాలుగడుగులు వేస్తే నేల మారిపోతుంది. కాలు పెడితే చెప్పు ఊడిరానంత జిగురు. అసలు నాటకం మొదలయ్యేది అక్కడే.

పాలు విరిగినట్టు...

కొండల మీద రాళ్లు వేల ఏళ్లు ఎండకీ వానకీ చివికి సన్నటి మట్టిగా మారతాయి. ఉద్దానానికి పడమటి దిక్కున 1,501 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి ఉంది. ఆ కొండల వరస నుంచి గెడ్డలూ నదులూ ఆ మట్టిని మోసుకొస్తాయి. బరువైన ఇసుక దారిలో ఆగుతూ వస్తుంది. బంక రేణువు మాత్రం మిల్లీమీటరులో 500వ వంతుకన్నా చిన్నది. నీటిలో తేలుతూనే ఉంటుంది. నది మొగ దగ్గర ఉప్పునీరు తగలగానే పాలు విరిగినట్టు ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, ముద్దలు కట్టి అడుగుకు దిగుతాయి. ఉప్పుటేర్లలో, పల్లపు నేలల్లో బురద పేరుకునేది అలాగే. దానిమీద మరో వరద ఇసుక పరుస్తుంది. ఆపైన మళ్లీ బురద. సముద్రం ముందుకొచ్చినప్పుడు ఒక పొర, వెనక్కి తగ్గినప్పుడు ఇంకో పొర. ఇలా తీరప్రాంతాల నేల తాపేశ్వరం కాజాలా పొరలు పొరలుగా తయారవుతుంది.

ఆ పొరల్లో ఇసుక ఉన్నచోట నీళ్లు పరుగెడతాయి. బంక ఉన్నచోట ఆగిపోతాయి. కనీసం ఆగినట్టు కనిపిస్తాయి!

నిజానికి బంకమట్టి పొడిగా ఏమీ ఉండదు. ఘనమీటరు ఇసుకలో ఖాళీలన్నీ నిండితే ఇంచుమించు 300 నుంచి 400 లీటర్ల నీళ్లు పడతాయి. అంతే బంకమట్టిలో 500 లీటర్ల దాకా ఉండొచ్చు. తమాషా ఏంటంటే, ఇసుక అందులో సగానికి పైగా ఇచ్చేస్తుంది. బంక పదో వంతు కూడా వదలదు. దాని సందులు అంత సన్నం మరి. రేణువుల ఒంటికి నీళ్లు అంటుకుపోయి ఉంటాయి. ఇంటినిండా ధాన్యం ఉన్నా గింజ రాల్చని పిసినారి అన్నమాట.

చుక్క ఎంత దూరం నడుస్తుంది?

మట్టిలో నీటి నడకను మొదటిసారి కొలిచినాయన హెన్రీ డార్సీ. ఫ్రాన్స్‌లోని డిజాన్ పట్టణానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజినీరు. నిలువు గొట్టంలో ఇసుక నింపి, పైనుంచి నీళ్లు వదిలి లెక్కలు కట్టి 1856లో ప్రచురించాడు. ఆయన చెప్పింది చాలా సులువు. అటూ ఇటూ నీటి మట్టాల తేడా పెరిగితే వేగం పెరుగుతుంది. పొర మందం పెరిగితే వేగం తగ్గుతుంది. మిగిలిందంతా ఆ మట్టి గుణం మీద ఆధారపడి ఉంటుంది.

ఆ గుణంలోనే ఉంది తేడా అంతా. మంచి ఇసుకలోంచి రోజుకి మీటర్ల కొద్దీ నీరు పోగలిగితే, అదే ఒత్తిడికి గట్టి బంకలోంచి ఏడాది పొడవునా పోయేది రెండు మూడు సెంటీమీటర్లే. ఇసుకకన్నా లక్ష రెట్లు నిదానం!

ఒక లెక్క వేసి చూద్దాం. పది మీటర్ల మందాన బంకపొర ఉంది. దాని పైనున్న నీటి మట్టానికీ కిందనున్న నీటి మట్టానికీ తేడా ఒక మీటరు. అప్పుడు పైనుంచి బయల్దేరిన చుక్క కిందికి చేరడానికి ఇంచుమించు 1,600 ఏళ్లు పడుతుంది. అంటే ఈ రోజు కిందికి దిగిన చుక్క పైనుంచి బయల్దేరేనాటికి తెలుగు నేల మీద విష్ణుకుండినుల రాజ్యం కూడా సరిగా మొదలైందో లేదో!

ఇప్పుడు కింది పొరలో బోర్లు వేసి ఎడాపెడా తోడేద్దాం. అక్కడ మట్టం బాగా పడిపోయి తేడా పది మీటర్లయింది. 1,600 ఏళ్ల ప్రయాణం కాస్తా 160 ఏళ్లకు దిగిపోతుంది. మట్టి మారలేదు. పొర మందం మారలేదు. మారింది మనం తోడే తీరు మాత్రమే.

‘అయినా 160 ఏళ్లు కదా, మనకెందుకులే’ అనుకోవడానికి లేదు. బంకలో చుక్క నిదానమే కానీ పొర విస్తీర్ణం చిన్నది కాదు. ఏడాదికి ఒక్క సెంటీమీటరు చొప్పున కారినా, చదరపు కిలోమీటరు మేర లెక్కేస్తే కోటి లీటర్లు! లోతు బోర్లలో ఊరే నీటిలో కొంత భాగం ఇలా పై పొరల నుంచి గుట్టుచప్పుడు కాకుండా దిగివచ్చిందే కావచ్చు. పైన ఉన్నవి మంచినీళ్లయితే అదృష్టం. ఉప్పునీళ్లయితే?

వేల ఏళ్ల నాటి సముద్రం

దక్షిణంగా కవిటి మీదుగా సోంపేట వైపు వెళితే ఈ మట్టి ఇంకో ముఖం చూపిస్తుంది. అక్కడి పల్లపు తడినేలల్ని ‘బీల’ అంటారు. మహేంద్రగిరి వైపు నుంచి వచ్చిన నీళ్లు సముద్రంలోకి ఉరకకుండా ఇక్కడ విస్తరించి నిలుస్తాయి. వరి, చేపలు, పశువుల మేత... చుట్టుపక్కల ఊళ్లకు అన్నీ ఇచ్చే తల్లి అది. ఇక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టబోతే జనం అడ్డం తిరిగారు. 2010 జులై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. బయటి వాళ్లకు బురదగుంటలా కనిపించే నేల కోసం మనుషులు అంత తెగించారంటే దాని విలువ అర్థం చేసుకోవచ్చు. ఇలాంటి పల్లాల్లో అడుగున చేరిన సన్నటి మట్టి నీటిని గబుక్కున దిగిపోనివ్వదు. వానాకాలపు నీళ్లను వేసవి దాకా దాచిపెడుతుంది. ఆగినన్నాళ్లూ చుట్టూ ఉన్న నూతులకు ఊట అందుతుంది.

అయితే బంక దాచేది మంచినీళ్లనే కాదు. దాదాపు ఆరేడు వేల ఏళ్ల కిందట సముద్ర మట్టం పెరుగుతూ వచ్చి ఇంచుమించు ఇప్పటి స్థాయికి చేరింది. ఆ కాలంలో తీరాల వెంట పేరుకున్న బురదలో సముద్రపు నీళ్లు కూడా చిక్కుకుపోయాయి. పైనుంచి ఎన్ని వానలు పడినా లోపలి ఉప్పు పూర్తిగా కడుక్కుపోలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ నిండా నీళ్లు పారుతున్నా చాలా ఊళ్లలో బోరు నీళ్లు నోట పెట్టుకోలేకపోవడానికి ఇదో కారణం. అక్కడ ఇంటింటి దాహం తీర్చేది కాలువ నీటితో నింపుకునే మంచినీళ్ల చెరువే.

బంకలో ఉప్పు నీటితో పాటే నడవాలనీ లేదు. నీళ్లు కదలకపోయినా, గ్లాసులో వేసిన పంచదార కలపకుండానే మెల్లగా పాకినట్టు అదీ పాకుతుంది. మీటరు మందం దాటడానికి కొన్ని దశాబ్దాలు, పది మీటర్లకు కొన్ని వేల ఏళ్లు. 2013లో పైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు ఈ తీరాన్ని అతలాకుతలం చేశాయి. ఇలాంటి ఉప్పెనల్లో సముద్రం లోపలికొచ్చి వెళ్లాక ఇసుక నేలల్ని కొన్ని వానలు కడిగేస్తాయి. బంక నేలలోకి దిగిన ఉప్పు మాత్రం అంత తొందరగా చెప్పినమాట వినదు.

అది కొందరికి అన్నం పెడుతుంది

పలాస జీడిపప్పు ఘుమఘుమలు దాటి టెక్కలి మీదుగా వెళితే నౌపడా వస్తుంది. ఉప్పుకు పేరుపడ్డ ఊరు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాన్ని మడుల్లోకి పారించి ఎండబెడితే నీరు ఆవిరై తెల్లటి పంట మిగులుతుంది. మరి ఆరేదాకా నీళ్లు భూమిలోకి ఇంకిపోకూడదు కదా! అందుకే మడి అడుగున బంకమట్టి ఉండాలి. దాన్ని తొక్కి, చదును చేసి, గట్టిపరుస్తారు. ఇసుక నేలలో ఉప్పు మడి కట్టడమంటే చిల్లికుండలో నీళ్లు పోయడమే.

నౌపడాకు చేరువలోనే ఉంది తేలినీలాపురం. ఏటా చలికాలానికి ముందే ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ వచ్చి చెట్లనిండా గూళ్లు కడతాయి. వాటికి కావాల్సిన చేపలు దొరికేది చుట్టుపక్కల తంపర భూముల్లో. ఈ వైపు తడినేలల్ని తంపర అంటారు. కొంగ కడుపు నిండాలన్నా, ఉప్పు రైతు మడి పండాలన్నా నీటిని పట్టి నిలిపే నేలే దిక్కు.

నీటిని నిలిపే ఈ గుణాన్ని నమ్ముకుని ఇంకా పెద్ద పనులే పెట్టుకుంటున్నారు. బెల్జియంలోని మోల్ దగ్గర సుమారు 225 మీటర్ల లోతున, బంకపొరలోనే ఒక ప్రయోగశాల కట్టారు. ఆ పని 1980లో మొదలైంది. అణు వ్యర్థాల్ని అలాంటి మట్టిలో దాచితే నీటితో బయటికి రాకుండా ఎన్నాళ్లు ఉంటాయన్నది వాళ్ల పరిశోధన. లక్షల ఏళ్ల లెక్కలు మరి!

మన దగ్గరే గోదావరి లోయలో మణుగూరు పరిసరాల్లో మోటారు లేకుండానే పైకి పొంగే బోర్లున్నాయి. అక్కడ ఇసుకరాతి పొరల్లోని నీటిని పైనున్న బంకలాంటి గట్టి పొరలు మూతలా బిగించి ఉంచుతాయి. మూతకు కన్నం పడగానే ఒత్తిడి మీదున్న నీళ్లు చివ్వున తన్నుకొస్తాయి. ప్రెషర్ కుక్కర్ విజిల్ లాగానే!

పిండితే కుంగుతుంది

పొరల మధ్య ఇసుకలోంచి అదే పనిగా నీళ్లు తోడితే పిసినారి బంక కూడా చివరికి చేయి విదిలించక తప్పదు. ఒత్తిడి తగ్గిన ఇసుకలోకి తన ఒంట్లోని నీటిని బొట్టు బొట్టుగా వదులుతుంది. వదిలిన కొద్దీ తను సన్నగిల్లిపోతుంది. తడిగుడ్డ పిండినట్టే. ఎంతకాలంలో ఎంత కుంగుతుందో లెక్కగట్టే సిద్ధాంతాన్ని కార్ల్ టెర్జాగీ 1925లో అచ్చువేసిన పుస్తకంలో వివరించాడు.

కాలిఫోర్నియాలోని శాన్ వాకిన్ లోయలో ఒక స్తంభం పక్కన 1977లో తీసిన ఫొటో ప్రపంచ ప్రసిద్ధం. స్తంభం మొదట్లో ఒక మనిషి నిలబడి ఉంటాడు. అతని తలకు ఎంతో ఎత్తున 1925 అని రాసిన పలక. ఒకప్పుడు నేల ఉన్నది ఆ ఎత్తునే! సేద్యం కోసం బోర్లు తోడడంతో 52 ఏళ్లలో భూమి దాదాపు తొమ్మిది మీటర్లు కుంగిపోయింది. పాత సరస్సు మట్టి మీద వెలిసిన మెక్సికో నగరానిదీ ఇదే కష్టం. ఒకసారి అణిగిపోయిన బంక మళ్లీ నీళ్లు తాగించినా పూర్వపు మందానికి రాదు. నీటిని దాచుకునే చోటు శాశ్వతంగా పోయినట్టే.

ఒక్క కన్నం చాలు

ఇన్ని మీటర్ల మందం, ఇన్ని వందల ఏళ్లు అన్న లెక్కలన్నీ బంకపొర చెక్కుచెదరకుండా ఉన్నప్పటి మాట. వాస్తవంలో దానికి శత్రువులు చాలామందే. ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. చెట్ల వేళ్లు దూసుకెళ్లి కుళ్లిపోయాక గొట్టాల్లా మిగులుతాయి. ఉప్పుటేటి బురదలో పీతలు బొరియలు చేస్తాయి. ఇవన్నీ పైపైన కొద్ది మీటర్ల వరకే. అంతకన్నా లోతుకు పోయే బొరియ మాత్రం మనిషి చేసిందే... బోరు!

పైన ఉప్పు పొర, మధ్యలో బంక, అడుగున మంచినీళ్లు ఉన్నచోట బోరు వేశారనుకుందాం. కేసింగు పైపుకీ తవ్విన గోతికీ మధ్య సందును సరిగా మూయకపోతే, వేల ఏళ్లుగా బంక కాపలా కాసిన దారి ఒక్క పూటలో తెరుచుకుంటుంది. వందల ఏళ్లు పట్టాల్సిన ఉప్పు గంటల్లో దిగుతుంది. నీళ్లు పాడయ్యాయని ఆ బోరును వదిలేసి పక్కన ఇంకోటి వేస్తారు. వదిలేసిన బోరు మాత్రం పూడ్చేదాకా ఉప్పును కిందికి దింపుతూనే ఉంటుంది. దీనికి విరుగుడూ మట్టే. నీటికి ఉబ్బి సందుల్ని బిగించే బెంటొనైట్ అనే బంకమట్టితోనో సిమెంటుతోనో ఆ సందును పూడిస్తే సరిపోతుంది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు రాష్ట్రంలో 2002లో తెచ్చిన వాల్టా చట్టం బోర్ల తవ్వకానికి అనుమతులూ నమోదూ ఉండాలన్నది ఊరికే కాదు.

తీరంలో రొయ్యల చెరువులు తవ్వేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. అడుగున బంక ఉంటే ఉప్పునీరు నెమ్మదిస్తుంది. ఇసుక నేలలో తవ్వితే పక్కింటి నూతిని చేరడానికి దానికి ఏళ్లేం అక్కర్లేదు.

ఉద్దానం దాహం

నీళ్ల మాట ఎత్తితే ఉద్దానంలో ఎవరి మనసూ కుదురుగా ఉండదు. ‘ఉద్యానం’ అన్న మాటే ఉద్దానమైందంటారు. అంతటి పచ్చని తోటల సీమను కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. ఎన్నో సంస్థలు పరిశోధించినా మూలకారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. తాగునీటి మీదా అనుమానాలున్నాయి. ఆ భయంతోనే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలకు నేల మీది నీళ్లు తేవాలని నిర్ణయించారు. వంశధార నీటిని హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాల్లో తెచ్చే 700 కోట్ల రూపాయల పథకానికి 2019లో శంకుస్థాపన, 2023 డిసెంబరు 14న ప్రారంభం జరిగాయి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలైందీ ఆ రోజే.

కుళాయి వచ్చింది కదా అని కాళ్లకింది నీటిని మరిచిపోతే ఎలా? తుపాను వచ్చి కరెంటు పోయిన రోజున మళ్లీ దిక్కయ్యేది ఊరి నుయ్యే. తోటలకూ పశువులకూ అదే ఆధారం. దాన్ని కాపాడుకోవడానికి పెద్ద యంత్రాలేం అవసరం లేదు. బోరు వేసేటప్పుడు ఎన్ని అడుగుల దగ్గర ఇసుక పడిందో, ఎన్ని అడుగుల దగ్గర బంక తగిలిందో పంచాయతీ పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. పాడైన బోర్లను అడుగు నుంచీ పూడ్చాలి. ఒడ్డున ఇసుక దిబ్బల్ని తవ్వి అమ్ముకోకూడదు. బీలల్నీ తంపరల్నీ బంజరు కింద జమకట్టకూడదు. వేసవికి ముందూ తర్వాతా నూతి నీటి మట్టాన్నీ రుచినీ గమనించాలి.

బంకమట్టి నీటిని ఆపుతుందన్నది మన భ్రమ. అది ఆపదు, వాయిదా వేస్తుందంతే. నిన్నటి వాననూ వేల ఏళ్లనాటి సముద్రాన్నీ ఒకే తీరుగా దాచి, ఎప్పటిది అప్పటికి వదులుతుంది. ఇవాళ డొంకూరు నేలలోకి దిగిన చుక్క ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరి బిందెలోకి వస్తుంది. అప్పుడు వాళ్లు తాగి చల్లగా ఉండమంటారా, ఉమ్మేసి మనల్ని తిట్టుకుంటారా అన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది.